అంచు బయట ఏడిళ్లు

మా ఆఫీసులో మ్యాపులు గీసేవాళ్లు వేరు, వాటికి జిగురు పూసేవాళ్లు వేరు. నేను రెండో రకం. గీసేవాళ్లకి కిటికీల పక్కన బల్లలు, కుర్చీల మీద మెత్తలు. నాకు మెట్ల కింద గది, ఒక పొయ్యి, మైదా డబ్బా, జిగురుకి పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం. పాత షీటు మడతల దగ్గర విరిగితే నా దగ్గరికి పంపుతారు. దాన్ని తడిపి, గుడ్డ మీద పరిచి, జిగురు పూసి, గాలిబుడగ లేకుండా అరచేత్తో తోసి ఆరబెడతాను. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి అంతకంటే ఏమిస్తారులే. ఇవ్వలేదని ఇప్పుడు ఏడవడం లేదు. ఏడవాల్సినన్నాళ్లు ఏడ్చాను.

మా ఆవిడది కొండల్లో ఊరు. ఊరంటే ఏడిళ్లు. బస్సు దిగాక మూడు గంటలు ఎక్కాలి. ఆ దారి ఒకే వాగుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఎన్నిసార్లు దాటుతుందో లెక్కే ఉండదు. పెళ్లయిన కొత్తలో మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను వసారాలో కూర్చోబెట్టి భోజనం పెట్టారు. కొత్త అల్లుణ్ణి చూడ్డానికి మిగతా ఆరిళ్ల వాళ్లూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒక ముసలాయన అడిగాడు.

"అల్లుడు మ్యాపులు గీస్తాడటగా?"

మా ఆవిడ పినతండ్రికి నోటి దురద. "గీయడు బావా. గీసినవాటికి జిగురు పూస్తాడు" అన్నాడు.

అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు. మిగతావాళ్లకంటే ముందే ఆపేశాడు, అది నేను చూశాను. కానీ నవ్వాడు.

ఆ నవ్వుని నేను ఇరవయ్యారేళ్లు భద్రంగా దాచుకున్నాను. కొందరు ఉత్తరాలు దాచుకుంటారు, నేను అది దాచుకున్నాను. తర్వాత ఆ ఊరికి ఒక్కసారే వెళ్లాను, అత్తయ్య పోయినప్పుడు. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోయాను. మా ఆవిడ మాత్రం ఏటా వెళ్లొచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఒక మాట అనేది.

"మా ఊరికి మీకంటే పోస్టుమ్యాను ఎక్కువసార్లు వచ్చాడు."

"వాడికి జీతమిస్తారు" అనేవాణ్ణి నేను.

అలాంటి నా గుమ్మం ముందు ఒకరోజు పొద్దున్నే మామయ్య నిలబడి ఉన్నాడు. చేతికర్ర, భుజాన సంచి, జేబులో నాలుగు మడతల కాగితం. డెబ్బయ్యెనిమిదేళ్ల మనిషి. కుర్చీలో వెనక్కి వాలకుండా అంచు మీదే కూర్చున్నాడు. కాగితం కూతురికిచ్చాడు.

"చదువమ్మా. మా దగ్గర చదివిన కుర్రాడు సగం చదివి మొహం మాడ్చుకుని పోయాడు."

మా ఆవిడ నిలబడే చదివింది. కింద లోయలో ఆనకట్ట కడుతున్న సంగతి మాకు తెలుసు. నీళ్లు ఊరిదాకా వస్తాయనీ తెలుసు. తెలియనిది కాగితంలో ఉంది.

"నాన్నా, అరవయ్యారేళ్ల కిందట సర్వే చేసిన షీటు ఉందట. అందులో కనబడ్డ ఇళ్లకి కింద మైదానంలో ఇల్లూ పొలమూ ఇస్తారట. కనబడనివాళ్లు తర్వాత వచ్చి కొండ ఆక్రమించుకున్నవాళ్లట. వాళ్లు ఊరికే ఖాళీ చేసి పోవాలట." ఆవిడ ఆగింది. "మన ఏడిళ్లలో ఒక్కటీ కనబడలేదట."

మామయ్య కర్ర పిడి మీద రెండు చేతులూ వేశాడు.

"కనబడకపోవడమేంటి తల్లీ. నేను పుట్టిందే ఆ ఇంట్లో. ఆ సర్వే వాళ్లు వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. వాళ్ల మూడుకాళ్ల బల్ల మన గుమ్మం ముందే పెట్టారు. మా అమ్మ వాళ్లకి మంచినీళ్లిచ్చింది. అందులో ఒకాయన దాని మీద ఒంటికన్ను మూసుకుని చూస్తుంటే నేను నవ్వాను కూడా."

మీ ఇంట్లో అందరికీ నవ్వడం ముందునుంచీ ఉందన్నమాట అనుకున్నాను. అంత చేదు నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"అల్లుడు ఆ ఆఫీసులోనే కదా" అన్నాడు మామయ్య, నా వైపు చూడకుండా. "ఒకసారి చూస్తాడేమోనని వచ్చాను. ఇరవై రోజుల్లో అధికారి వస్తుందట. ఈలోగా మా ఇళ్లు అప్పటికే ఉన్నాయని కాగితం చూపించాలట."

చూస్తానన్నాను.

ఆ షీటు వెతకడానికి అల్మారాలు తెరవక్కర్లేదు. అది మా మీటింగు హాల్లో గోడమీదే ఉంది. తొమ్మిది షీట్లు కలిపి ఒకే గుడ్డకి అంటించిన పెద్ద మ్యాపు. అంటించింది నేనే. దాని మీద కొండలన్నీ మట్టిరంగు గీతలు. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే వాలు. వాగులు నీలం. ఇళ్లు ఆవగింజలో సగమంత నల్లటి చతురస్రాలు. స్టూలెక్కి మా మామయ్య వాగుని వేలితో పట్టుకుని పైకి వెళ్లాను. మలుపు, ఇంకో మలుపు, అక్కడ రెండు షీట్లు కలిసిన చోట వాగు పుటుక్కున ఆగిపోయింది. పక్క షీటు పదేళ్ల తర్వాత తీసింది. ఎవరూ పైకెక్కకుండా కింద నిలబడి చూసి తీసింది. అందులో మట్టిగీతలన్నీ ముక్కలుముక్కలుగా ఉన్నాయి. ముక్కల గీత అంటే అంచనా అని అర్థం. అంచనా వేసేవాళ్లకి ఇళ్లు కనబడవు.

స్టూలు దిగుతుంటే గుర్తొచ్చింది. దిగడం ఆపి స్టూలు మీదే కూర్చున్నాను.

ప్రతి షీటుకీ నాలుగువైపులా ఒక గట్టి గీత ఉంటుంది. బొమ్మంతా దాని లోపలే. బయట తెల్లటి అంచు. కానీ పాతకాలపు సర్వే వాళ్లలో కొందరికి ఒక అలవాటుండేది. పక్క షీటు ఆ ఏడు తీయడం లేదని తెలిస్తే, గీత అవతల రెండు వేళ్ల దూరంలో ఉన్న ఊరిని వదిలేయడానికి వాళ్లకి మనసొప్పేది కాదు. కష్టపడి ఎక్కాం, మంచినీళ్లు తాగాం, వదిలేసి ఎలా పోతాం అనుకునేవాళ్లేమో. గీత దాటి, తెల్లంచు మీదకి కూడా గీసేసేవాళ్లు.

ఇరవయ్యారేళ్ల కిందట ఎవరో పెద్దాయన వస్తున్నాడని అప్పటి డైరెక్టరు గోడకి మ్యాపు కావాలన్నాడు. "షీట్లు అతుక్కున్నట్టు కూడా తెలియకూడదు. తెల్లంచులన్నీ కోసెయ్" అన్నాడు. ఉక్కు స్కేలు పెట్టి, కత్తి నూరుకుని, ఒక్కరోజులో తొమ్మిది షీట్ల అంచులూ కోసేశాను. చక్కగా కోశావని భుజం తట్టాడు. గీత బయట ఏముందో చూడటం నా పని కాదు. చూడలేదు కూడా. ఆ షీటుకున్న మిగతా రెండు కాపీలూ ఆ తర్వాత వానాకాలంలో గోడ చెమ్మకి ముద్దయిపోయాయి. వాటిని పారేసిందీ నేనే.

అయితే మా పనిలో మంచి కాగితం ముక్క పారేయరు. కోసిన అంచుల్ని రిజిస్టర్ల వీపులకి లోపలినుంచి బలానికి అంటించేవాణ్ణి. ఆ ఏడాది నేను కట్టినవి ఎక్కువగా హాజరు రిజిస్టర్లు. అవి పాత రికార్డుల గదిలో ఉన్నాయి. నాలుగు రోజులు భోజనాల వేళ అందరూ క్యాంటీనుకి పోయాక ఆ గదిలో కూర్చున్నాను. ఒక్కొక్క రిజిస్టరు వీపు మీద గోరువెచ్చటి తడిగుడ్డ వేయడం, జిగురు మెత్తబడేదాకా ఆగడం, అట్ట విప్పి చూడటం. ఎక్కువభాగం తెల్ల కాగితమే. నాలుగో రోజు, పదకొండో రిజిస్టరులో మట్టిరంగు కనబడింది.

దాన్ని ఊడదీయడానికి గంట పట్టింది. ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలాను. జానెడు పొడుగు, మూడు వేళ్ల వెడల్పు చీటీ. నీలం గీత, అది వాగు. దానికి ఇవతల గట్టున నల్లటి చతురస్రాలు. అన్నేళ్లూ ఆ ఊరు మేం రోజూ సంతకాలు పెట్టిన పుస్తకం వీపులో పడి ఉంది.

లెక్కపెట్టాను. ఆరు. మళ్లీ లెక్కపెట్టాను. ఆరే.

చీటీ పైకొసన వాగు దాటి వేలెడు అవతలి గట్టు ఉంది, అక్కడికి తెగిపోయింది. రిజిస్టరు పొడుగుకి మించిందని కొస కోసేసి ఉంటాను. ఆ కొసముక్క ఎక్కడా దొరకలేదు. ఇంకో లోపం కూడా ఉంది. ఇవతలి గట్టునే, ఆరిళ్లకి కొంచెం ఎగువన, గోరంత చోట కాగితం పైపొర నేను ఊడదీస్తున్నప్పుడు జిగురుతో లేచిపోయింది. అక్కడ గీతా లేదు, చుక్కా లేదు. గుండు చేసినట్టు నున్నగా ఉంది.

చీటీని గోడ మ్యాపు దగ్గరికి తీసుకెళ్లి ఆనించాను. అటు పదకొండు మట్టిగీతలు, ఇటు పదకొండు. ఒకదాన్నొకటి చేయందుకున్నట్టు కలిశాయి. సూపరింటెండెంటు గారిని పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటికెత్తి వంగి చూశాడు.

"కలిసింది. ఇందులో మాట్లాడ్డానికేం లేదు. దీన్ని కోసిందెవరు?"

"డైరెక్టరు గారు కోయమన్నారండీ."

"ఆయన పోయి పదిహేనేళ్లయింది. కాబట్టి నువ్వే కోశావు" అన్నాడు, నవ్వుతూనే. మంచివాడే. "సరే, సోమవారం సర్టిఫై చేసి పంపిస్తాను. ఈలోగా సాపు చేసి గుడ్డకి అంటించు. అది నీ పనేగా."

ఇళ్లు ఎన్నున్నాయో ఆయన లెక్కపెట్టలేదు.

ఇంటికెళ్లేసరికి మామయ్య ఇంకా ఆ కుర్చీ అంచు మీదే ఉన్నాడు. నాలుగు రోజుల్లో వెనక్కి వాలినట్టు లేడు. దొరికిందని చెప్పాను. ఎక్కడ దొరికిందో చెప్పాను. ఎవరు కోశారో చెప్పలేదు.

మా ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "మన ఇల్లుందా?"

ఆవిడ నన్ను అలా చూసి ఎన్నేళ్లయిందో. ఆ చూపు ముందు ఆరు అనే మాట నోట్లోంచి రాలేదు.

"ఉంది. ఏడూ ఉన్నాయి" అన్నాను.

మామయ్య లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. జిగురుకి నా వేళ్లచివర్లు ఎప్పుడూ గరుగ్గా ఉంటాయి. వాటిని బొటనవేలితో రాస్తూ నిలబడ్డాడు.

"మా తమ్ముడు ఆ రోజు నిన్ను ఒక మాటన్నాడు. గుర్తుందో లేదో."

"గుర్తులేదు" అన్నాను.

"నాకుంది. వాడంటే వాడన్నాడు, నోటికి హద్దు లేనివాడు. నేను నవ్వకుండా ఉండాల్సింది అల్లుడూ. నువ్వు మళ్లీ రానప్పుడల్లా అదే అనుకునేవాణ్ణి. మీ అత్తయ్య కూడా పోయేదాకా నన్ను అదే దెప్పేది."

ఇరవయ్యారేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. వచ్చినప్పుడు మాత్రం దాన్ని తీసుకోవడానికి నా దగ్గర చోటు లేదు. నా చేతుల్లో ఆరిళ్లే ఉన్నాయి.

సోమవారం పొద్దున్నే, గీసేవాళ్లెవరూ రాకముందే ఆఫీసుకి వెళ్లాను. కిటికీ పక్క బల్ల మీంచి సన్నపాళీ కలం, నల్ల సిరాబుడ్డి తెచ్చుకున్నాను. నా మనసుకి నేను చెప్పుకున్నది ఇది. ఇల్లుంది, అందులో మనుషులున్నారు, సర్వే వాళ్లు ఆ గుమ్మం ముందే బల్ల పెట్టారు. అది ఆ ఊడిన చోటే ఉండి ఉంటుంది. నేను కొత్తగా గీయడం లేదు, నా చేత్తో ఊడగొట్టింది తిరిగి పెడుతున్నాను.

అయినా ఒకసారి గుర్తుచేసుకున్నాను. ఆ ఇల్లు వాగుకి ఇవతలా, అవతలా? దారి వాగుని అన్నిసార్లు దాటుతుంది, ఏ దాటుకి ఏ గట్టో నాకు తెలియదు. వసారా గుర్తొచ్చింది. భోజనం, చుట్టూ మనుషులు, నవ్వు. నవ్వు ఆగాక వాగు చప్పుడు కుడిచేతి వైపునుంచి వినబడటం గుర్తొచ్చింది. కొండ ఇళ్లన్నీ లోయకేసి తిరిగి ఉంటాయి. లోయకేసి కూర్చుంటే కుడివైపు వాగంటే ఇవతలి గట్టే. ఊడిన చోటు కూడా అక్కడే ఉంది. ఇంకేం కావాలి.

అడిగితే సరిపోయేది. ఇంట్లోనే ఉన్నారు తండ్రీ కూతుళ్లు. అడగాలంటే, ఎందుకడుగుతున్నావంటే ఏం చెప్పను? పైగా, సొంత అత్తారిల్లు వాగుకి ఏ పక్కనుందో తెలియదని ఏ మొహం పెట్టుకుని అడగను?

నానిన కాగితం మీద సిరా పాకుతుంది. అందుకని ముందు పల్చటి గంజి పూసి ఆరనిచ్చాను. తర్వాత ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క పెట్టాను. నాలుగు మూలలూ సరిచేశాను. పక్క ఆరింటికీ దీనికీ తేడా లేదు. ఆ ఆఫీసులో ముప్ఫై ఏళ్లలో నేను గీసింది అదొక్కటే. చాలా బాగా వచ్చింది.

రెండు వారాల తర్వాత అధికారి వచ్చింది. మా సూపరింటెండెంటు గారూ, షీట్ల గొట్టం మోయడానికి నేనూ వెంట వెళ్లాం. మామయ్యా, మా ఆవిడా ముందురోజే వెళ్లిపోయారు. నేను ఆ కొండ ఎక్కడం అది మూడోసారి. మేడమ్‌కి నలభై ఉంటాయేమో, మాటకి ముందు మర్యాద చూపించే మనిషి. గుడ్డకి అంటించిన చీటీ చేత్తో పట్టుకుని ఇంటింటికీ నడిచింది. మొదటిల్లు, మొదటి చుక్క. రెండోది, మూడోది. ప్రతి గుమ్మం దగ్గరా తన కాగితంలో టిక్కు పెట్టి, "మీది ఉంది" అంది. ఆరో ఇంటి దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఒకావిడ నన్ను చూసి, "జిగురు అల్లుడే మనల్ని నిలబెట్టాడే" అంది. ఆ మాట మొదటిసారి నాకు తియ్యగా తగిలింది.

"ఏడోది ఇక్కడుండాలి" అంటూ మేడమ్ ఎగువకి నడిచి ఆగింది.

అక్కడ ఏటవాలుగా ఒక పెద్ద బండ ఉంది. బండ మీద నాచు. మేక కూడా పడుకోలేని వాలు.

"ఇక్కడ ఇల్లేది?"

మామయ్య కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"నా ఇల్లేనమ్మా ఏడోది. ఇక్కడ కాదు, అదిగో, వాగు అవతల. రాళ్ల మీంచి దాటాలి."

"ముందు ఇక్కడుండి తర్వాత అటు మార్చారా?"

అవునంటే అయిపోయేది. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. అవునను మామయ్యా అని నా ఒళ్లంతా అంటోంది.

"లేదమ్మా. ఈ బండ మీద ఇల్లెవడు కడతాడు. మా నాన్న కట్టిందే అది, అక్కడే. ఎప్పుడూ ఇటు లేదు" అన్నాడు. ఆయన నిజమే చెప్పాడు. నిజమే కదా కావాల్సిందని చెప్పాడు.

మేడమ్ చీటీని ఎండకేసి ఎత్తింది. సంచిలోంచి భూతద్దం తీసింది. అచ్చుసిరా కాగితం పైన కూర్చుంటుంది, చేతిసిరా లోపలికి దిగుతుంది. అది చూడ్డానికి పెద్ద చదువక్కర్లేదు. చాలాసేపు చూసి, భూతద్దం దించి, మా సూపరింటెండెంటు వైపు తిరిగింది. ఆయన నా వైపు తిరిగాడు.

"నేనే పెట్టానండీ" అన్నాను.

మేడమ్ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"ఎందుకు పెట్టావు? చీటీ అవతలి గట్టు దగ్గర తెగిపోయి ఉంది. ఏడో ఇల్లు తెగిన ముక్కలో ఉండి ఉండాలని నేనే రాసేదాన్ని. ఆ ఇంటి గోడలు చూస్తే ఎంత పాతవో తెలుస్తూనే ఉంది."

"మిగతా ఆరూ అచ్చువేనండీ. మీరే చూడండి."

"నాకు తెలుసు. పైన కూర్చున్నవాళ్లకి తెలియదు. ఒక చుక్క చేత్తో పెట్టిందని నేను రాయాలి, రాయకపోతే నా ఉద్యోగం పోతుంది. రాస్తే చీటీ మొత్తం పోతుంది. చెయ్యి పడ్డ కాగితం చెల్లదు. వేరే కాపీ ఉందా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

టిక్కులు పెట్టిన కాగితాన్ని ఆవిడ మడిచేసింది. ఇందాక నన్ను పొగిడినావిడ కాసేపటికి గాని సంగతి అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక నా ముందుకొచ్చి నిలబడింది.

"జిగురు పూసుకునేవాడివి పూసుకోక, నీకు గీతలెందుకయ్యా?"

అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

మేడమ్ వాళ్లు దిగిపోయారు. మా సూపరింటెండెంటు గారు గొట్టం నా చేతిలోంచి తీసుకుని తనే మోసుకుంటూ పోయాడు. నేను ఆ బండ దగ్గరే ఉండిపోయాను. మామయ్య వాగు మధ్యదాకా వెళ్లి, రాయి మీద ఆగి, వెనక్కి తిరిగాడు.

"వచ్చావుగా. లోపలికి రా."

రాళ్ల మీంచి దాటాను. ఇల్లు లోయకేసి తిరిగి ఉంది. ముందు వసారాలో చాప వేశాడు. కూర్చున్నాను. వాగు చప్పుడు ఎడమచేతి వైపునుంచి వస్తోంది.

"ఆ రోజు నాకు ఎక్కడ భోజనం పెట్టారు?" అన్నాను.

"వెనక వసారాలో. ముందువైపు ఎండ కొడుతోందని మీ అత్తయ్య అటు వేయించింది. కొండకేసి కూర్చున్నావు నువ్వు."

మా ఆవిడ లోపలినుంచి మంచినీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. నా చేతికివ్వలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా అల్లుడూ" అన్నాడు మామయ్య. "వాగుకి ఇటో అటో, అంతే కదా. ఇంట్లోనే ఉన్నాను కదా."

ఇక దాచడానికేం మిగిలిందని మిగతాది కూడా చెప్పాను. ఆ అంచు కోసింది నేనేనని, కొసముక్క కూడా నేనే తెంపానని.

"ఎప్పుడు?" అన్నాడు మామయ్య.

"మా పెళ్లయిన ఏడు. ఇక్కడికొచ్చి వెళ్లాక, నాలుగైదు నెలలకి."

ఆయన లోయకేసి తిరిగాడు. కింద దూరంగా ఆనకట్ట పసుపు యంత్రాలు కదులుతున్నాయి.

"అప్పటికి మా ఊరు నీకు తెలుసు కదా" అన్నాడు.

అంతే అన్నాడు. కోసేముందు ఒక్కసారి కిందికి చూసి ఉంటే, ఇది మా ఆవిడ వాగు కదా అని గుర్తుపట్టి ఉండేవాణ్ణి. గుర్తుపట్టేవాణ్ణా అని కూడా అనుమానమే. ఆ రోజుల్లో ఆ ఊరు నా కంటబడితే కత్తి ఇంకొంచెం గట్టిగా నొక్కి ఉండేవాణ్ణేమో.

చీకటి పడకముందే దిగాలి. లేచాను. మా ఆవిడ రాలేదు. నాన్నకి సామాను సర్దాలంది.

ఇదంతా జరిగి ఏడాదిన్నర. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. కత్తి మాత్రం తీసేసుకున్నారు. ఇప్పుడు ఏదైనా కోయాలంటే సూపరింటెండెంటు గారు పక్కన నిలబడాలి. మిగతా ఆరిళ్ల వాళ్లు తలో దిక్కూ పోయారు. ఎవరెక్కడున్నారో మా ఆవిడకి తెలుసు, నాకు చెప్పదు. ఊరి గురించి ఎత్తిపొడవడం కూడా మానేసింది. పోస్టుమ్యాను మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఇక ఏ పోస్టుమ్యానూ అక్కడికి వెళ్లక్కర్లేదు.

మామయ్య మా ముందుగదిలోనే ఉంటున్నాడు. ఆ కుర్చీ అంచు మీదే కూర్చుంటాడు. నాతో మామూలుగానే మాట్లాడతాడు, భోజనం చేశావా అంటాడు, వానొచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్లు అంటాడు. చెల్లదని ఎర్రముద్ర వేసి తిప్పి పంపిన చీటీని మాత్రం అడిగి తీసుకున్నాడు. సంచిలో పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు తీసి, కిటికీ దగ్గర పట్టుకుని, వేలితో వాగు వెంబడి పైకి పోతాడు. నా చుక్క దగ్గర ఆగడు. చీటీ తెగిన చోటు దాటి, వేలు కాగితం దిగి, కిటికీ చెక్క మీద రెండంగుళాలు ముందుకెళ్లి అక్కడ ఆగుతుంది.